లోపలికి జరిగిన గడప

పెళ్లయి ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నాకు చెప్పిన మొదటి మాట, గడప తొక్కొద్దని. ఏ కోడలికైనా చెప్పే మాటే. కాని మా అత్తమ్మ చెప్పింది ఇంటి గడప గురించి కాదు, దుకాణం గడప గురించి. సంగారెడ్డి పాత బజారులో మాది కింద దుకాణం, పైన కాపురం. పైకి వెళ్లే మెట్లు పక్క సందులో ఉంటాయి. ఇంటి గడపను ఎవరైనా పొరపాటున తొక్కితే అత్తమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. దుకాణం గడప మీద పిల్లి కాలు పెట్టినా ఊరుకునేది కాదు.

టేకు గడప అది. జానెడు ఎత్తు, బారెడుకు మించిన పొడవు. ప్రతి శుక్రవారం పొద్దున దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది అత్తమ్మ. గడపకు ఇవతల మూడు మెట్లు, ఒక అరుగు. అవతల తెల్లటి పరుపు పరిచిన గద్దె, దాని మీద మా మామయ్య, ఆయన తల మీదుగా గోడకు లక్ష్మీదేవి పటం. ఎంతటివాడైనా చెప్పులు మెట్ల దగ్గర విడిచే లోపలికి రావాలి. తహసీల్దారు వచ్చినా అంతే.

కొండాపూర్ దిక్కు నుంచి రైతులు జొన్నలు, కందులు, కుసుమలు తెచ్చేవారు. వాళ్లలో ఒకాయన నాకు బాగా గుర్తు. పొడుగు మనిషి, గొంతు పెద్దది. మా అత్తమ్మ ఆయనను పటేలా అని పిలిచేది, ఆయన ఆమెను సేటమ్మా అనేవాడు. జొన్నల మచ్చు తువ్వాలలో కట్టుకుని వచ్చి అరుగు మీదే కూర్చునేవాడు. "నా కాళ్ల నిండ మట్టే ఉంటది, ఈడనే మంచిగున్నది" అనేవాడు. మంచినీళ్ల చెంబు, చాయ్ గ్లాసు అరుగు మీదికే వెళ్లేవి. ఆయనను లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు, అప్పట్లో అది నాకు తోచలేదు.

తరువాత బజారు కథ అందరికీ తెలిసిందే. హైవే మీద చౌరస్తా పెరిగిన కొద్దీ బజారు తరిగింది. ధాన్యం మార్కెట్ యార్డుకు పోయింది. బట్టల దుకాణాలు అద్దాలు పెట్టుకుని రోడ్డు మీదికి పోయాయి. మా బావగారు, అంటే మా ఆయన అన్న, చౌరస్తాలో పెద్ద షట్టరు తీసుకుని కిరాణా హోల్‌సేల్ పెట్టుకున్నారు. మా ఆయనకు వ్యాపారం మొదటి నుంచీ అంటలేదు, పటాన్‌చెరులో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మామయ్య పోయాక దుకాణం మూతపడింది. మా ఎదురు దుకాణం అట్టపెట్టెల గోదాము అయింది, పక్కది నీళ్ల క్యాన్ల గోదాము.

విచిత్రం ఏమిటంటే, మనుషులకు మాత్రం కొదవ లేదు. పాత ఇళ్లన్నీ గదులు గదులుగా కట్టి కిరాయికి ఇచ్చారు. పాశమైలారం, పటాన్‌చెరు, సుల్తాన్‌పూర్ కంపెనీల బస్సులు మా బజారు మూల మీదే ఆగుతాయి. పొద్దున, సాయంత్రం వందల మంది మా ఇంటి ముందు నుంచి నడిచిపోతారు. వాళ్లు పడుకునేది మా బజారులో, తినేది హైవే మీద. చేతుల్లో ప్లాస్టిక్ పొట్లాలు ఊపుకుంటూ, మూసిన తలుపుల మధ్య నుంచి తలవంచుకుని పోయేవాళ్లు. నేను సదాశివపేటలో బజారులోనే పుట్టి పెరిగినదాన్ని. పొద్దుగూకితే దీపాలు వెలిగే వీధి కావాలి నాకు. మూసిన దుకాణాల మధ్య కాపురం చేస్తుంటే ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టు ఉండేది.

ఒక ఆదివారం బావగారు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు గోదాము కావాలట. దుకాణం, పై ఇల్లు కలిపి కొంటాడట. మేము వెలిమెల వైపు ఒక ఫ్లాటు తీసుకుని హాయిగా ఉండొచ్చని బావగారి ఆలోచన. అత్తమ్మ లేచి వెళ్లి, ఆరేళ్లుగా తెరవని దుకాణం ముందు, ఆ రోజు శుక్రవారం కాకపోయినా, గడప తుడవడం మొదలుపెట్టింది. చెప్పొద్దూ, నాకు నోరు ముందు, బుద్ధి వెనక.

"దుకాణం అమ్ముడెందుకు బావగారూ? నేను అండ్ల హోటల్ పెడుత" అన్నాను.

బావగారు నవ్వారు. "హోటల్ పెడుతవా? ఈ బజార్ల కుక్క గూడ తినడానికి ఆగదు" అన్నారు. మంచి మనిషే, కాని ఆయనకు రోడ్డు పక్కన లేనిదేదీ వ్యాపారం కాదు. చివరికి తల్లి ముఖం చూసి గడువు పెట్టారు. దసరా దాకా ఆగుతారు. అప్పటికి దుకాణం నడిస్తే సరే. లేకపోతే దసరా మరునాడు కాగితాల మీద సంతకాలు. వచ్చినాయన కూడా ఒప్పుకున్నాడు.

శ్రావణ శుక్రవారం నాడు తెరిచాం. ముందు గదిలో నాలుగు బల్లలు, ఒకప్పుడు ధాన్యం బస్తాలు ఉండే వెనక గదిలో పొయ్యి, లక్ష్మీదేవి పటం. జొన్న రొట్టె, పప్పు, పచ్చి పులుసు, వంకాయ కూర, రెండు తొక్కులు. సాయంత్రం సర్వపిండి. రొట్టెలు అత్తమ్మ కొట్టేది. డెబ్బై దాటిన మనిషి, పీట మీద కూర్చుంటే ఆమె అరచేతి కింద పిండి ముద్ద చూస్తుండగానే పళ్లెమంత అయ్యేది. నేను చేస్తే అంచులు పగిలేవి. అంచు పగిలిన రొట్టెను ఆమె ఎవరి పళ్లెంలోనూ వేయనిచ్చేది కాదు, నాకే పెట్టేది. ఆ మొదటి రోజుల్లో నేను తిన్న పగిలిన రొట్టెలకు లెక్క లేదు.

మొదటి రోజు చుట్టాలు వచ్చారు. రెండో రోజు వాళ్ల చుట్టాలు వచ్చారు. మూడో రోజు నుంచి ఈగలు వచ్చాయి.

బస్సు దిగిన మనుషులు ఆగకపోలేదు. అది నన్ను మరీ తినేసేది. వాసనకు ఆగేవారు, అరుగు దాకా వచ్చేవారు, లోపలికి తొంగిచూసేవారు. తరువాత కిందికి చూసి వెళ్లిపోయేవారు. కొందరు పొట్లం కట్టిమ్మనేవారు. జొన్న రొట్టె పొట్లం కడితే గదికి చేరేసరికి తోలు అవుతుంది. ఒకసారి తీసుకెళ్లినవాళ్లు రెండోసారి రాలేదు. వచ్చి కూర్చుని తినేవాళ్లంటే గుడికి పోయి వస్తున్న ఆడవాళ్లు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఇద్దరు, అంతే. ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను. మాంసం లేకపోతే తినరేమో అనుకున్నాను. గోడ మీద హోటల్ పేరు హిందీలో కూడా రాయించాను. పేరు కింద, అత్తమ్మ చెప్పినట్టే, అందమైన అక్షరాలతో రెండు భాషల్లో ఇంకో మాట రాయించాను: చెప్పులు బయట విడువండి.

రాయించినప్పుడు నాకేమీ అనిపించలేదు. మా అమ్మగారింట్లోనూ అంతే, మా అందరి దుకాణాల్లోనూ అంతే. గడప మీద లక్ష్మి ఉంటుంది. చెప్పుతో దాటితే ఆమెను తన్నినట్టే. అందులో ఆలోచించడానికి ఏముంది?

వినాయక చవితికి నాలుగు రోజుల ముందు వాన పడుతున్న సాయంత్రం, పక్క సందు మెట్ల మీద పళ్లెంలో కందిపప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. దుకాణంలో పని ఉంటే కదా. మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. ఎప్పటిలాగే నల్లా దగ్గర రాయి మీద కూర్చున్నాడు. కంపెనీ బూట్లు, ముందర ఇనుప టోపీ ఉండేవి, ఒక్కోటి సేరు బరువు. తడిసిన తాళ్లు ముళ్లు పడ్డాయి. ముళ్లు విప్పాడు, మడమ పట్టి లాగాడు, మోజులు, ఆ చెమట మేజోళ్లు, వేలికొసలతో పట్టి దూరంగా పెట్టాడు. వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండు మెట్లు పైకి జరిగాను. ఇరవై ఏళ్లుగా రోజూ చేస్తున్నదే. ఆ పూట మాత్రం రెండో మెట్టు మీద ఆగిపోయాను.

"మీ కంపెనీ మనుషులు నలుగుర్ల కూసొని గిట్ల బూట్లు ఇప్పుతరా?" అని అడిగాను.

"పిచ్చిదానివా? పది గంటలు నిలవడ్డ కాళ్లు. మోజులు ఇప్పితే పక్కోడు లేసి పోతడు" అన్నాడు.

"మరి మన హోటల్ల?"

ఆయన నల్లా తిప్పి కాళ్లు కడుక్కున్నాడు. "మా లైన్ల ఒడిశా ఆయన ఉన్నడు గదా, ఆయన మొన్న అడిగిండు, అది హోటలా, గుడా అని. నవ్వి ఊకున్న" అన్నాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. బూట్లు మా నల్లా దగ్గరే ఉన్నాయి, నేను ఉప్పులో వెతుకుతున్నాను. పైగా ఈ మహానుభావుడు నవ్వి ఊరుకున్నాడట. చేతిలో పప్పు పళ్లెం ఉంది కాబట్టి సరిపోయింది.

నేరుగా అత్తమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను. రేపటి నుంచి ఎవరి బూట్లతో వాళ్లు లోపలికి రానీయాలని, గోడ మీది మాట చెరిపేస్తానని. ఆమె రొట్టె పీట కడుగుతోంది, తల ఎత్తలేదు.

"బూట్లు గడప దాటితే లక్ష్మి నిలుస్తదా?"

"ఆరేండ్లు మూసి పెట్టిన దుకాణంల ఎవరికోసం నిలిచింది అత్తమ్మా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ ఆరేళ్లు మామయ్య లేని ఆరేళ్లు. ఆమె పీట కడిగి గోడకు ఆనించి పైకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే వచ్చి రొట్టెలు కొట్టేది, ఎవరూ రాకపోతే చల్లారినవి మడిచి పెట్టేది, గడప దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడేది. చేత్తో కొలుస్తున్నట్టు అనిపించింది ఒకసారి. నాకు భయం వేసింది. అమ్ముకుందాం అని ఆమె నోటితోనే అంటుందేమో, ఆ పాపం నాదే అవుతుందేమో అనుకున్నాను.

చవితి మరునాడు పొద్దున చెక్కపని చేసే వడ్లాయన వచ్చాడు. అత్తమ్మే కబురు పెట్టిందట. ఆయన పనిముట్ల సంచి అరుగు మీద పెట్టి, "ఏం పని సేటమ్మా?" అన్నాడు.

"గడప తీయాలె."

 వడ్లాయన సంచి విప్పలేదు. "గడప తీసి ఏం జేస్తరమ్మా?"

"తీసి పడేసుడు గాదు. జరపాలె." వెనక గది వాకిలి చూపించింది. "ఆ వాకిట్ల పెట్టు. పొయ్యి, పటం గడపకు అవతల ఉండాలె. తినేటోళ్లు ఇవతల ఉంటరు."

"ముంగటి గడప లోపలికి జరుపుడు నేనెన్నడు సూడలే."

"నేను గూడ సూడలే. ఇయ్యాల సూద్దాం."

తరువాత నా వైపు తిరిగింది. నాలుగు రోజుల తరువాత మొదటి మాట. "గడప ఏడ ఉంటే లక్ష్మి ఆడ ఉంటది బిడ్డా. ఆమెను నేను వెళ్లగొడుత లేను. జెర లోపలికి జరుగమంటున్న, నలుగురు కూసుంటరని."

ముందు కొబ్బరికాయ కొట్టింది. గడపను ద్వారబంధం నుంచి విడదీయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. లోపలి వాకిలి చిన్నది, గడప దానికి రెండు వైపులా జానెడు ఎక్కువ. వడ్లాయన రంపం తీశాడు. అత్తమ్మ గడప మీద చెయ్యి అడ్డం పెట్టి, "కొయ్యొద్దు, గోడ తవ్వు" అంది. గోడ తవ్వించి, రెండు కొసలు గోడలోకి దిగేటట్టు కూర్చోబెట్టించింది. ముందు వాకిట్లో మిగిలిన గాడిలో సిమెంటు పోసి సాపు చేయించింది. సాయంత్రం కొత్త చోట గడపకు పసుపు పూసి బొట్లు పెట్టింది. యాభై ఏళ్లు వంగి పసుపు పూసిన చోటు వదిలి, ఇంకోచోట వంగింది. ఆమె మీద నాకు అంతకుముందు ప్రేమ ఉండేది, ఒప్పుకునేదాన్ని కాదు. ఆ రోజు గౌరవం కలిగింది, దాన్ని దాచుకోలేకపోయాను. నేను పోయి గోడ మీది మాట సున్నంతో చెరిపేశాను, రెండు భాషల్లోనూ.

సిమెంటు ఆరిన రోజు మా ఆయన ఒడిశా ఆయనను తీసుకువచ్చాడు. అతను అరుగు మీద నిలబడి తన బూట్ల వైపు, మా వైపు చూశాడు. అత్తమ్మది బజారు హిందీ, చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉన్నది. "ఆవో బేటా, జూతే పైన్‌కేచ్ ఆవో" అని పిలిచింది. బూట్లతోనే రమ్మని. అతను ఐదు రొట్టెలు తిన్నాడు. మరునాడు ముగ్గురిని తెచ్చాడు. వారం తిరిగేసరికి నాలుగు బల్లలు చాలక అరుగు మీద కూడా పీటలు వేశాం. అంచు పగిలిన రొట్టెలు తినడానికి నాకు తీరిక దొరకలేదు.

మా దీపం చూసి ఎదుటి గోదాము ఆయన అట్టపెట్టెలు ఒక మూలకు నెట్టి చాయ్ దుకాణం పెట్టాడు. ఇంకో పది రోజులకు నీళ్ల క్యాన్ల పక్క సందులో కొండాపూర్ నుంచి వచ్చిన ఒకామె కోడికూర పాయింటు తెరిచింది. అత్తమ్మ ముక్కు మూసుకుంది. కాని ఎవరైనా "అండా మిలేగా?" అని గుడ్డు కోసం అడిగితే, "సామ్నే జావో" అని ఆమె దిక్కే చెయ్యి చూపేది. ఆ యేడు మా బజారు ఆడవాళ్లం బతుకమ్మను గుడి దగ్గరికి తీసుకుపోలేదు, దుకాణాల ముందే ఆడాం.

దసరా రోజు సాయంత్రం బావగారు వచ్చారు. చేతిలో కాగితాల సంచి ఉంది. దుకాణం సంగతి ఆయనకు తెలియక కాదు. చాయ్ దుకాణం పెట్టినా, నాలుగు బల్లలు నిండినా, ఆయన లెక్కలో పాత బజారు పోయిన బజారే. నాలుగు నెలలు పోతే మళ్లీ పడిపోతుందని మా ఆయనతో అన్నారు. మామయ్య తక్కెడను లోపలి గడప దగ్గర పెట్టి పూజ చేశాం. బావగారు అలవాటు కొద్దీ బూట్లు మెట్ల దగ్గరే విడిచి వచ్చారు. మోజులతో ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. దుకాణం కొంటానన్న మనిషి నుంచి ఫోను వస్తుందని చూస్తున్నారు. పండుగ కాబట్టి కంపెనీ మనుషులు తక్కువ. అత్తమ్మ పీట మీద కూర్చుని పిండి కలుపుతోంది. నేను తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను.

అప్పుడు అరుగు మీద కొండాపూర్ పటేలు కనిపించాడు. దుకాణం మూతపడిన ఆరేళ్లూ ఆయన దసరాకు జమ్మి తేవడం మానలేదు. సందు మెట్ల దగ్గర నిలబడి, అత్తమ్మ చేతిలో ఆకు పెట్టి, బంగారం తీసుకోమని చెప్పి వెళ్లేవాడు. భూమి కొంత పోయి, ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర కావలి ఉద్యోగం. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. ఖాకీ చొక్కా, బురద పట్టిన నల్లటి బూట్లు. చేతిలో జమ్మి మండ. అరుగు అంచు మీద కూర్చుని, వంగి బూట్ల తాళ్లు విప్పబోయాడు. నడుము వంగక చెయ్యి అందలేదు.

అత్తమ్మ రొట్టె పీట మీద నుంచి లేచింది. పిండి చేతులతోనే ముందు వాకిలి దాకా నడిచింది.

"ఇప్పకు పటేలా. గట్లనే రా."

"కాళ్ల నిండ బురదుంది సేటమ్మా. ఈడనే మంచిగున్నది."

"నలభై ఏండ్లు గదే మాట అన్నవు, నేను గూడ సరే అన్న. తప్పు నాది. లోపలికి రా."

ఆయన లేచాడు. వాకిలి దగ్గరికి వచ్చి, జానెడు ఎత్తున కాలు పైకెత్తి, అక్కడ లేని గడపను జాగ్రత్తగా దాటాడు. కాలు అనుకున్న దానికంటే కిందికి పోయి తూలాడు. బావగారు లేచి రెక్క పట్టుకున్నారు. మా ఆయనకు నవ్వు వచ్చింది. అత్తమ్మ నవ్వలేదు.

"నేను గూడ ఇంకా గట్లనే కాలెత్తుతున్న" అంది.

బావగారు ఆయన రెక్క వదలకుండా తీసుకొచ్చి తన బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. తనే వెళ్లి మంచినీళ్లు తెచ్చారు. చిన్నప్పుడు ఆ నీళ్ల చెంబు అరుగు మీదికి మోసింది బావగారే. ఇప్పుడు గ్లాసు బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఫోను మోగింది. కాసేపు దాని వైపు చూసి ఎత్తారు.

"దసరా శుభాకాంక్షలన్నా. ఇంకో జాగ సూసుకో. ఇది నడుస్తున్నది" అన్నారు.

కాగితాల సంచి అడ్డంగా ఉందని తీసి కింద పెట్టారు. నేను పొయ్యి దగ్గరికి పోయి కళ్లు తుడుచుకున్నాను, పొగ అని చెప్పాను. గ్యాసు పొయ్యికి పొగ ఏమిటని ఎవరూ అడగలేదు.

పటేలు అత్తమ్మ చేతిలో జమ్మి పెట్టాడు. ఆమె మూడు రొట్టెలు కొట్టింది, ఆయన మూడూ తిన్నాడు. వాకిలి నుంచి బల్ల దాకా ఆయన బూట్ల బురద అచ్చులు పడ్డాయి. పండుగ పూట, లక్ష్మి ఉన్న ఇల్లు. ఆయన వెళ్లగానే నేను అలవాటు కొద్దీ తడిగుడ్డ తెచ్చి వంగాను.

"ఇయ్యాల ఉండనీ" అంది అత్తమ్మ. "రేపు తుడువు."